ఎంత ఉంటే ఉన్నవారు?

మనుషులను రెండుగా విడదీసే మాటలు మన భాషలో ఉన్నాయి: ఉన్నవారు, లేనివారు. ఏమి ఉన్నదో, ఏమి లేదో ఆ మాటలు చెప్పవు. చెప్పకపోయినా అందరికీ అర్థమవుతుంది. ఈ రెండింటి నడుమ మధ్యతరగతి అనే విశాలమైన గది ఒకటి ఏర్పడింది. పెళ్ళి సంబంధం చూసేటప్పుడు, పిల్లవాణ్ణి బడిలో చేర్చేటప్పుడు, రేషను కార్డుకు దరఖాస్తు పెట్టేటప్పుడు, రమజాన్ మాసంలో జకాత్ లెక్క కట్టేటప్పుడు ఏదో ఒక రూపంలో ఒకే ప్రశ్న మన ముందుకు వస్తుంది. ఈ ఇల్లు కలిగినదా, లేనిదా, నడిమిదా?

ప్రశ్న చిన్నదే. దాని జవాబు మీద మాత్రం చాలా ఆధారపడి ఉన్నాయి. ఎవరు ఇవ్వాలి, ఎవరు పుచ్చుకోవచ్చు, ఎవరి కష్టాన్ని మనం కష్టంగా గుర్తించాలి అన్నవన్నీ ఆ జవాబుతోనే తేలుతాయి. ఉన్నవాడు తనను లేనివాడిగా భావించుకుంటే పేదవాని హక్కు అతని బీరువాలోనే ఉండిపోతుంది. లేనివానిని మనం ఉన్నవాడిగా పొరబడితే ఆ ఇంట పొయ్యి వెలగదు. కాబట్టి ఒక ఆదాయాన్ని తక్కువ అనడానికైనా, ఎక్కువ అనడానికైనా, మధ్యస్థం అనడానికైనా మనం వాడుతున్న తూనిక ఎటువంటిదో పరిశీలించుకోవడం అవసరం.

అందరూ నడిమి వరుసలోనే

ఎవరిని అడిగినా వినిపించే సమాధానం దాదాపు ఒకటే: "మాదేముందండీ, ఏదో మధ్యతరగతి సంసారం." సొంత ఆటో నడుపుకునే వ్యక్తి ఈ మాటే అంటాడు. రెండు ఇళ్ళ అద్దె వచ్చే విశ్రాంత అధికారి ఈ మాటే అంటాడు. ఆసుపత్రి నడిపే వైద్యుడూ ఈ మాటే అంటాడు. ఇందులో కొంత వినయం ఉన్నది. దిష్టి తగులుతుందన్న జంకు, బంధువులు అప్పు అడుగుతారన్న భయం కూడా ఉన్నాయి. అయితే చాలామంది దీనిని మనస్ఫూర్తిగా నమ్మే చెబుతారు. సమస్య అక్కడే ఉన్నది.

లెక్కలు ఏమంటున్నాయో చూద్దాం. కేంద్ర ప్రభుత్వపు గణాంక శాఖ 2022-23లో దేశవ్యాప్తంగా కుటుంబ వినియోగ వ్యయంపై సర్వే జరిపింది. ఇంటిలో ఒక్కొక్కరిపై నెలకు సగటున ఎంత ఖర్చవుతున్నదో అందులో లెక్కించారు. గ్రామాలలో ఆ సగటు 3,773 రూపాయలు, పట్టణాలలో 6,459 రూపాయలు. అంటే నలుగురున్న సగటు గ్రామీణ కుటుంబం నెలకు సుమారు 15 వేలతో, సగటు పట్టణ కుటుంబం సుమారు 26 వేలతో గడుపుకున్నదన్నమాట. ఇది ఆదాయం కాదు, ఖర్చు. అయినా జీవన స్థాయిని తెలిపే నమ్మదగిన సూచిక.

ఇక అదే సర్వేలో రెండు కొసలను చూడండి. పట్టణాలలో అట్టడుగు 5 శాతం మంది తలసరి ఖర్చు నెలకు 2,001 రూపాయలు. పైవరుసలోని 5 శాతం మంది తలసరి ఖర్చు 20,824 రూపాయలు. గ్రామాలలో ఈ అంకెలు 1,373, 10,501. నలుగురున్న ఒక పట్టణ కుటుంబం నెలకు సుమారు 83 వేలు ఖర్చు పెట్టిందంటే, అది దేశంలోని పట్టణ ప్రజలలో అత్యధికంగా ఖర్చు చేసే 5 శాతం మంది సగటుతో సమానంగా నిలిచింది. గ్రామంలోనైతే 42 వేల ఖర్చుకే ఆ స్థానం దక్కింది. ఆ నాటి నుండి ధరలూ ఖర్చులూ పెరిగాయి. నేటి అంకెలు ఇంతకంటే కొంత ఎక్కువే ఉంటాయి. అయినా విషయం మారదు. హైదరాబాదులోనో విజయవాడలోనో అంత ఖర్చు చేసే ఇల్లాలిని గానీ, ఇంటి యజమానిని గానీ అడిగి చూస్తే తాము పై వరుసలో ఉన్నామని ఒప్పుకుంటారా? "నెలాఖరుకు ఏమీ మిగలడం లేదు" అంటారు. వారు అబద్ధమాడటం లేదు. వారికి నిజంగానే మిగలడం లేదు. పక్క వీధిలో 8 వేలతో నలుగురు నెల గడుపుతున్న ఇల్లు మాత్రం వారి కంటికి ఆనడం లేదు.

చూపు ఎటు పడితే లెక్క అటు

మనిషి తన ఆదాయాన్ని దేశపు సగటుతో పోల్చి చూసుకోడు. తోడల్లుడితో, పక్క ఫ్లాటువారితో, తనతో కలిసి చదువుకుని అమెరికా వెళ్ళిన మిత్రునితో పోల్చుకుంటాడు. పరిశోధకులు ఈ విషయాన్ని అనేక విధాలుగా పరీక్షించారు.

నెదర్లాండ్స్ దేశపు ఆర్థికవేత్త బెర్నార్డ్ వాన్ ప్రాగ్ 1970ల నాటి నుండి ప్రజలను సూటిగా ఒక ప్రశ్న అడుగుతూ వచ్చారు. మీ పరిస్థితులలో ఎంత ఆదాయాన్ని చాలా తక్కువ అంటారు, ఎంతైతే సరిపోతుందంటారు, ఎంతైతే బాగుందంటారు? జవాబులలో ఒక క్రమం కనబడింది. ఎవరి ఆదాయం ఎంత ఎక్కువో, వారు 'సరిపోతుంది' అని చెప్పిన మొత్తం కూడా అంత పెద్దదిగా ఉన్నది. అంటే జీతం పెరిగినప్పుడు దానితోపాటు కొలబద్ద కూడా సాగుతున్నది. నిన్న సుఖమనిపించినది నేడు అవసరమవుతుంది. రేపు అది లేకపోతే లేమి అనిపిస్తుంది.

అమెరికాలో సారా సోల్నిక్, డేవిడ్ హెమెన్‌వే అనే ఇద్దరు పరిశోధకులు 1998లో ప్రచురించిన అధ్యయనం ఇంకా విచిత్రమైనది. వారు హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని ప్రజారోగ్య విభాగపు విద్యార్థులను, సిబ్బందిని రెండు ఊహా ప్రపంచాలలో ఒకటి ఎంచుకోమన్నారు. మొదటిదానిలో మీకు ఏటా 50 వేల డాలర్లు, ఇతరులకు 25 వేలు. రెండవదానిలో మీకు లక్ష డాలర్లు, ఇతరులకు 2 లక్షలు. రెండుచోట్లా ధరలు ఒకటే. దాదాపు సగం మంది మొదటిదే కోరుకున్నారు. తమ చేతికి వచ్చేది సగమైనా పరవాలేదు, పక్కవాడి కంటే ఎక్కువగా ఉంటే చాలునన్నారు.

అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిర్స్‌లో జరిగిన మరొక అధ్యయనం 2013లో వెలువడింది. దేశంలో తమ స్థానం ఎక్కడో చెప్పమని అక్కడి కుటుంబాలను అడిగితే, పేదలలో అనేకులు తాము ఉన్నచోటు కంటే పైన ఉన్నామనుకున్నారు. ధనికులలో అనేకులు ఉన్నచోటు కంటే కింద ఉన్నామనుకున్నారు. ఎవరి చుట్టూ ఎవరున్నారో వారినే వారు లోకమనుకున్నారు. తాము అనుకున్నదానికంటే కింద ఉన్నామని నిజం తెలిసిన పేదలు, లేనివారికి ప్రభుత్వం మరింత సాయం చేయాలని కోరారు. మన స్థానం మనకు తెలియడం, తెలియకపోవడం సమాజంపై ఇంత ప్రభావం చూపుతుంది.

ఈ మానవ స్వభావాన్ని దృష్టిలో ఉంచుకునే దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) ప్రాపంచిక విషయాలలో తమకంటే కింద ఉన్నవారిని చూడమని, తమకంటే పైన ఉన్నవారి వైపు చూపు నిలపవద్దని బోధించారు. దీనిని మనం తరచుగా ఓదార్పు మాటగా మాత్రమే వింటాము. లెక్కకు సంబంధించిన హితవు కూడా ఇందులో ఉన్నది. పైకే చూసేవానికి తన స్థానం ఎప్పుడూ తక్కువగానే తోస్తుంది. కిందికి చూసినప్పుడే తనకు ఉన్నదేమిటో, తాను ఎవరికి బాకీ ఉన్నాడో తెలుస్తుంది.

ఒకే ఇంటికి నాలుగు పేర్లు

మన కన్ను పొరబడుతుంది సరే, ప్రభుత్వం గీసిన గీతలనైనా నమ్మవచ్చునా? అక్కడ ఒక గీత కాదు, అనేక గీతలు కనిపిస్తాయి.

తెలంగాణలో ఆహార భద్రతా కార్డుకు వార్షికాదాయ పరిమితి గ్రామాలలో లక్షన్నర, పట్టణాలలో 2 లక్షలు. ఆంధ్రప్రదేశ్‌లో బియ్యం కార్డుకు నిర్ణయించిన పరిమితి నెలకు గ్రామాలలో 10 వేలు, పట్టణాలలో 12 వేలు. దానితోపాటు భూమి ఎంత, నాలుగు చక్రాల వాహనం ఉన్నదా, నెలకు 300 యూనిట్లకు మించి కరెంటు వాడుతున్నారా అన్నవి కూడా చూస్తారు. కేంద్రం 2024లో ప్రారంభించిన పట్టణ ఆవాస్ యోజన రెండవ దశలో ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయమున్న కుటుంబం ఆర్థికంగా బలహీనమైనది, 3 నుండి 6 లక్షల వరకు అల్పాదాయమైనది, 6 నుండి 9 లక్షల వరకు మధ్యాదాయమైనది. ఏ రిజర్వేషన్ పరిధిలోకీ రాని వర్గాలకు 2019లో వచ్చిన 10 శాతం కోటాలో 8 లక్షల లోపు ఆదాయమున్నవారందరూ, ఇతర షరతులకు లోబడి, ఆర్థికంగా బలహీనులే. వెనుకబడిన తరగతులలో సంపన్న శ్రేణిని వేరుచేయడానికి కేంద్రం 2017 నుండి వాడుతున్న అంకె కూడా ఆ 8 లక్షలే. అంటే ఒకచోట పేదరికానికి పైకప్పుగా నిలిచిన సంఖ్య, మరొకచోట సంపన్నతకు గడపగా నిలిచింది. ఇక 2025 బడ్జెట్ తరువాత కొత్త పన్ను విధానంలో 12 లక్షల వరకు ఆదాయంపై పన్ను కట్టనవసరం లేదు.

హైదరాబాదులో ఏడాదికి రెండున్నర లక్షలు సంపాదించే కుటుంబాన్ని తీసుకోండి. రేషను కార్యాలయం దృష్టిలో అది పేద కుటుంబం కాదు. గృహనిర్మాణ పథకం దృష్టిలో అది ఆర్థికంగా బలహీనమైనది. ఇక ఏడాదికి 5 నుండి 30 లక్షల వరకు సంపాదించే కుటుంబాలను మధ్యతరగతిగా లెక్కించే 'ప్రైస్' పరిశోధనా సంస్థ దృష్టిలో, ఇది ఇంకా పైకి రావాలని ఆశిస్తున్న శ్రేణికి చెందినది. బంధువుల దృష్టిలోనో? ఇంట్లో ఫ్రిజ్ ఉన్నది, పిల్లలు ఇంగ్లీషు మీడియంలో చదువుతున్నారు కాబట్టి, బాగానే ఉన్నవారు.

దీనిని ఎవరి మోసంగానో భావించనవసరం లేదు. ప్రతి గీతా ఒక ప్రయోజనం కోసం గీసినది. బియ్యం ఎవరికివ్వాలి, ఇల్లు ఎవరికివ్వాలి, పన్ను ఎవరి నుండి తీసుకోవాలి అన్నవి వేర్వేరు ప్రశ్నలు. పొరపాటు ఎక్కడ జరుగుతుందంటే, ఒక పనికోసం గీసిన గీతను మనిషి నుదుటి రాతగా చదివినప్పుడు. కార్డు ఉన్నది కాబట్టి పేద, కార్డు లేదు కాబట్టి పేద కాడు అని మన మహల్లా కమిటీలు తీర్పు చెప్పడం అటువంటిదే.

అంకె చెప్పని సంగతులు

ఆదాయం వాగులో ప్రవహించే నీరు. సంపద చెరువులో నిలిచిన నీరు. వాగు వేగం చూసి చెరువు నిండి ఉన్నదని అనుకోలేము. గట్టు ఎంత గట్టిది, తూములు ఎన్ని, ఆయకట్టు ఎంత అన్నవి చూడాలి.

రెండు ఇళ్ళను ఊహించుకుందాం. రెండింటి రాబడి నెలకు 30 వేలే. మొదటి ఇంటిలో ముగ్గురు. సొంత ఇల్లు, నెల మొదటి తేదీన జీతం పడుతుంది, అప్పు లేదు. రెండవ ఇంటిలో ఏడుగురు. 9 వేలు అద్దె, 5 వేలు అప్పు వాయిదా, వృద్ధురాలైన తల్లి మందులకు 2,500. అవి పోగా మిగిలే 13,500లో మనిషికి వచ్చేది 1,930 రూపాయలు కూడా కాదు. మొదటి ఇంటిలో మనిషికి 10 వేలు. పైగా రెండవ ఇంటివాని 30 వేలు పని దొరికిన నెలలో వచ్చేవి. వానాకాలంలో కట్టడం పని ఆగితే అందులో సగమూ రావు. ఈ రెండిళ్ళనూ 'నెలకు 30 వేల కుటుంబాలు' అని ఒకే గాటన కట్టే లెక్క, లెక్కగా సరైనదే గానీ న్యాయంగా సరైనది కాదు.

గల్ఫ్ కుటుంబాల విషయంలో ఈ పొరపాటు మరీ ఎక్కువ. జగిత్యాల, కరీంనగర్, నిజామాబాద్, కడప ప్రాంతాలలో గల్ఫ్‌కు వెళ్ళినవాని ఇల్లు దూరం నుండే తెలుస్తుంది. స్లాబు, టైల్స్, గేటు ఉంటాయి. ఊరు ఆ గేటును చూసి ఆదాయాన్ని అంచనా వేస్తుంది. వీసా కోసం చేసిన అప్పు, దాని వడ్డీ, ఏ రోజైనా ముగిసిపోగల ఒప్పందం, ఎండలో పనిచేసే ఆ మనిషి ఆరోగ్యం గేటు మీద కనబడవు. అతడు సెలవులో వచ్చినప్పుడు బంధువులు ఆశించే కానుకలు, పెళ్ళిళ్ళలో చదివింపులు 'ఉన్నవారి' స్థాయిలోనే ఉంటాయి. కాదనలేక అతడు మళ్ళీ అప్పు చేస్తాడు. చుట్టుపక్కలవారి తప్పుడు అంచనా ఈ విధంగా ఒక కుటుంబాన్ని నిజంగానే పేదరికం వైపు నెడుతుంది.

ఊరి జనం చెప్పిన కొలత

పేదరికాన్ని కార్యాలయంలో కూర్చుని కొలవడానికి బదులు ఊరివారినే అడిగితే ఎలా ఉంటుంది? అనిరుధ్ కృష్ణ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని నల్లగొండ, ఖమ్మం, తూర్పు గోదావరి జిల్లాల 36 గ్రామాలలో ఈ పని చేశారు. గ్రామస్థులను సమావేశపరచి, ఒక నిరుపేద కుటుంబం చేతికి కొద్దిగా డబ్బు వస్తే మొదట ఏమి చేస్తుంది, తరువాత ఏమి చేస్తుంది అని అడిగారు. జవాబులు మెట్లవలె వచ్చాయి. ముందు తిండి, ఆ తరువాత ఇంటి చిన్నపాటి మరమ్మతు, అప్పు తీర్చడం, ఒంటికి బట్టలు. ఈ మెట్లు దాటిన కుటుంబాన్ని ఊరు ఇక పేద అనదు. ఆ కొలతలో రూపాయల ప్రస్తావనే లేదు.

ఆ కొలతతో 5,536 కుటుంబాల పాతికేళ్ళ చరిత్రను వారు పరిశీలించారు. 14 శాతం కుటుంబాలు పేదరికం నుండి బయటపడ్డాయి. మరొక 12 శాతం కుటుంబాలు అదే కాలంలో కొత్తగా పేదరికంలోకి జారిపోయాయి. జారడానికి ప్రధాన కారణాలుగా బయటపడినవి రోగాలు, వైద్యపు ఖర్చు, పెళ్ళిళ్ళకూ అంత్యక్రియలకూ చేసే వ్యయం, అధిక వడ్డీ అప్పులు, కరవు. ఈ ఫలితం మన ఆలోచనను మార్చవలసినది. లేనివారు ఎప్పటికీ ఒకే మనుషులు కారు. నిన్న మన పక్కన కూర్చుని చందా ఇచ్చిన వ్యక్తి నేడు ఆసుపత్రి బిల్లు కింద నలిగి ఉండవచ్చు. పదేళ్ళ క్రితం రాసుకున్న పేదల జాబితా ఈనాటి పేదల జాబితా కాజాలదు.

ధర్మశాస్త్రం చూసిన చూపు

ఇస్లామీయ ధర్మశాస్త్రంలో ఈ ప్రశ్న వెయ్యేళ్ళకు పైగా చర్చలో ఉన్నది. జకాత్ పొందదగిన ఎనిమిది వర్గాలను దివ్య ఖుర్ఆన్ సూరా తౌబా 60వ ఆయత్‌లో పేర్కొన్నది. వాటిలో మొదటి రెండు ఫకీర్లు, మిస్కీన్లు. ఈ ఇద్దరిలో ఎవరి స్థితి ఎక్కువ దయనీయమైనదనే విషయంలో విద్వాంసులు భిన్నాభిప్రాయాలు వెల్లడించారు. ఇమామ్ షాఫయీ (రహ్మతుల్లాహి అలైహి) సంప్రదాయం ప్రకారం ఫకీరే ఎక్కువ అవసరంలో ఉన్నవాడు. మిస్కీన్‌కు కొంత ఉంటుంది గానీ అది చాలదు. దీనికి వారు చూపే ఆధారం సూరా కహఫ్‌లోని పడవ ఉదంతం. సముద్రంపై పనిచేసుకునే ఆ పడవ యజమానులను ఖుర్ఆన్ మిస్కీన్లుగానే పేర్కొన్నది. హనఫీ విద్వాంసులు ఇందుకు భిన్నంగా మిస్కీన్‌నే అసలేమీ లేనివాడన్నారు.

ఈ చర్చలో మన కాలానికి పనికివచ్చే సూక్ష్మం ఉన్నది. పడవ ఉన్నవాడూ అవసరంలో ఉండవచ్చు. ఆటో ఉన్నవాడు, కుట్టుమిషను ఉన్నవాడు, తోపుడుబండి ఉన్నవాడు కూడా అంతే. ఆ వస్తువు అతని సంపద కాదు, అతని రెక్క. అందుకే హనఫీ విద్వాంసులు నివసించే ఇల్లు, కట్టుకునే బట్టలు, వృత్తి పనిముట్లు, విద్యావంతుని పుస్తకాలు మొదలైనవాటిని ప్రాథమిక అవసరాలుగా పరిగణించి సంపద లెక్క నుండి తీసివేశారు. అవి పోగా నిసాబ్ మేరకు ఉన్నవాడే వారి దృష్టిలో సంపన్నుడు. తక్కిన మూడు సంప్రదాయాల విద్వాంసులు ప్రధానంగా చూసినది అవసరాలకు సరిపోతున్నదా లేదా అన్నది. తనకు, తనపై ఆధారపడినవారికి సరిపోయేంత లేనివాడు, చేతిలో కొంత సొమ్ము కనబడినా, సాయానికి అర్హుడే. ఈ రెండు మార్గాలలోనూ నెలజీతపు అంకె ఒక్కటే తీర్పు చెప్పదు.

నిసాబ్ సంగతి కూడా గమనించదగినది. మన ప్రాంతంలో దానిని బంగారమైతే ఏడున్నర తులాలుగా, అంటే 87.48 గ్రాములుగా, వెండి అయితే యాభై రెండున్నర తులాలుగా, అంటే 612.36 గ్రాములుగా లెక్కిస్తారు. తొలినాళ్ళలో 20 దీనార్లు, 200 దిర్హమ్‌ల విలువ దాదాపు సమానం. నేడు బంగారపు నిసాబ్ విలువ వెండి నిసాబ్ కంటే అనేక రెట్లు ఎక్కువ. ఏది అనుసరించాలన్నది తమకు నమ్మకమైన ఆలిములను అడిగి తెలుసుకోవలసిన విషయం. తమను 'ఏదో మధ్యతరగతి' అనుకుంటూ జకాత్ లెక్కే వేయని అనేక ఇళ్ళలో మాత్రం బ్యాంకు డిపాజిట్టూ బీరువాలోని నగలూ కలిపి చూస్తే ఆ హద్దు ఎప్పుడో దాటి ఉంటుంది. జకాత్ విధి అయ్యేది మన అభిప్రాయాన్ని బట్టి కాదు; ఏడాది గడిచాక మన వద్ద నిలిచి ఉన్నదానిని బట్టి.

ముగ్గురు వివేకవంతుల సాక్ష్యం

హజ్రత్ ఖబీసా బిన్ ముఖారిఖ్ (రజియల్లాహు అన్హు) ఉల్లేఖించిన ఒక హదీసు సహీహ్ ముస్లింలో ఉన్నది. ఇరువర్గాల మధ్య సయోధ్య కోసం పూచీ వహించి అప్పుల భారం నెత్తిన వేసుకున్న ఆయన సాయం కోసం దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) సన్నిధికి వచ్చారు. ఇతరులను అర్థించడం ముగ్గురికి మాత్రమే తగునని ఆ సందర్భంలో ప్రవక్త వివరించారు. అటువంటి పూచీ మోస్తున్నవాడు ఒకడు. ఆపదలో ఆస్తి నాశనమైనవాడు మరొకడు. లేమి చుట్టుముట్టగా, అతని వారిలోనే వివేకం గల ముగ్గురు ఆ విషయాన్ని ధ్రువీకరించినవాడు మూడవవాడు.

ఈ మూడవ షరతును ఆలోచించి చూడండి. వచ్చినవారు అపరిచితులు కారాదు, అతని వారై ఉండాలి. ఒక్కరి మాట చాలదు, ముగ్గురు కావాలి. వారు వివేకవంతులై ఉండాలి, అంటే పై మెరుగును చూసి మోసపోనివారై ఉండాలి. పేదరికాన్ని కాగితం కంటే దగ్గరగా చూడగలిగేది ఇరుగుపొరుగే. ఆ చూపు నిష్పాక్షికంగా ఉంటేనే దానికి విలువ. 36 గ్రామాల పరిశోధకులు ఊరి సభను ఆశ్రయించడంలోని తర్కమూ దీనికి దూరం కాదు.

అసలైన మిస్కీన్ ఇంటింటా తిరిగి ఒకటి రెండు ముద్దలు అడిగేవాడు కాడని, అవసరం తీరనివాడై ఉండి కూడా తన స్థితిని ఇతరులు గుర్తించనివాడని మరొక హదీసు తెలుపుతున్నది. సూరా బఖరా 273వ ఆయత్ కూడా, ఆత్మాభిమానం వల్ల ఎరుగనివారి కంటికి కలిగినవారిగా కనబడే అవసరార్థుల గురించి ప్రస్తావించింది. రమజాన్‌లో మసీదు గుమ్మం వద్ద నిలిచినవారికే మన చేయి సాగుతుంది. ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కాతో ముందు వరుసలో నమాజు చేసి, స్కూలు ఫీజు గడువు గుర్తుకు వచ్చి మౌనంగా ఇంటికి వెళ్ళిపోయే మనిషి మన జాబితాలో ఉండడు. చిన్న ప్రైవేటు బడి ఉపాధ్యాయురాలు, దుకాణం మూతపడిన వ్యాపారి, భర్త మరణించాక సొంత ఇంటిలోనే ఆకలితో ఉన్న స్త్రీ ఈ కోవలోనివారే.

ఏమి అడగాలి?

సాయం పంచే బాధ్యత వహించిన మన మసీదు కమిటీలు, బైతుల్‌మాల్ నిర్వాహకులు 'మీ ఆదాయం ఎంత?' అన్న ఒక్క ప్రశ్నతో ఆగకుండా మరికొన్ని విషయాలు నెమ్మదిగా తెలుసుకోవడం మంచిది. ఇంటిలో తినేవారు ఎందరు, సంపాదించేవారు ఎందరు? రాబడి నెలనెలా వస్తుందా, పని దొరికిన రోజునే వస్తుందా? అద్దె, వాయిదా, మందులు అంటూ ముందుగానే పోయేది ఎంత? సంపాదించే వ్యక్తి మూడు నెలలు మంచాన పడితే ఇల్లు గడుస్తుందా? మనకు కనబడుతున్న మోటారుసైకిలో ఫోనో వారిదేనా, వాయిదాలలో కొన్నదా, ఎవరైనా కానుకగా ఇచ్చినదా? ఈ ప్రశ్నలను అందరి ఎదుట అడగరాదు. ఇరుగుపొరుగులో నోరు జారని పెద్దలు ఇద్దరు ముగ్గురి ద్వారా తెలుసుకుంటే అవతలివారి గౌరవం నిలుస్తుంది. స్త్రీల సంగతులు స్త్రీల ద్వారానే తెలుసుకోవడం ఇంకా మేలు. జాబితాను ఏటా కొత్తగా రాసుకోవాలి. నిరుడు పుచ్చుకున్నవారు ఈ ఏడు ఇచ్చేవారై ఉండవచ్చు, ఇచ్చినవారు పుచ్చుకోవలసినవారై ఉండవచ్చు.

ఇదే లెక్క మన ఇంటికీ వర్తిస్తుంది. భార్యాభర్తలు ఏడాదికొకసారి కూర్చుని మూడు విషయాలు కాగితంపై రాసుకుంటే చాలు. ఇంటిలో ఒక్కొక్కరిపై నెలకు ఎంత ఖర్చవుతున్నది? అందులో ఎంత నిజమైన అవసరానికి, ఎంత ఇతరులతో సమానంగా కనబడటానికి? ఏడాది చివర అప్పులు పోగా ఏమి నిలిచింది? పిల్లలు కొంచెం పెద్దవారైతే వారినీ పక్కన కూర్చోబెట్టుకోవచ్చు. తమ ఇల్లు దేశంలో ఏ వరుసలో ఉన్నదో ఎరిగిన పిల్లవాడు తోటివారి బూట్లను చూసి చిన్నబుచ్చుకోవడం తగ్గుతుంది. ఇంటికి పని చేయడానికి వచ్చే స్త్రీ జీతం విషయంలో తల్లిదండ్రులు బేరమాడితే ఎందుకని అడుగుతాడు కూడా.

ఆ కాగితం కొన్ని ఇళ్ళకు కష్టాన్ని ఒప్పుకునే ధైర్యాన్నిస్తుంది. అవసరంలో ఉన్నవారు తమ హక్కును స్వీకరించడంలో సిగ్గుపడవలసినది ఏమీ లేదు. మరికొన్ని ఇళ్ళకు అదే కాగితం 'మాదేముందండీ' అనే మాటను ఇకపై అనలేని స్థితిని కలిగిస్తుంది. అటువంటి ఇళ్ళవారు చేయవలసిన పని ఒకటే. కాగితం చివరి వరుసలో తేలిన మొత్తంలో నలభయ్యో వంతును విడిగా తీసి పెట్టి, అది ఏ ఇంటి గడపకు చేరాలో ఈ వారంలోనే విచారించాలి.